మూలకణాల మందు వచ్చింది, మన దాతలు రావాలి

దాత మూలుగను రోగికి ఎక్కించి రక్తక్యాన్సరును జయించే విద్యకు సియాటిల్‌లో దశాబ్దాలపాటు కృషి చేసిన డాక్టర్ డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి లభించింది. ఆ విద్యను మొదటినుంచీ ఒక శాపం వెన్నాడుతూనే ఉన్నది. ఇతర అవయవాల మార్పిడిలో దేహం పరాయి అవయవాన్ని తిరస్కరిస్తుంది. ఇక్కడ వ్యవహారం తారుమారు. మూలుగతోపాటు వచ్చిన దాత తెల్లకణాలు తమకు చోటిచ్చిన దేహాన్నే శత్రువుగా ఎంచి చర్మం, పేగులు, కాలేయం మీద విరుచుకుపడతాయి. వరమిచ్చినవాని నెత్తినే చేయి పెట్టబోయిన భస్మాసురుని కథ మనవారికి వేరే చెప్పనక్కరలేదు. వైద్యులు దీనిని గ్రాఫ్ట్ వర్సస్ హోస్ట్ వ్యాధి అంటారు.

దీనికి మొదటి మందు స్టెరాయిడ్లు. అవి పనిచేయనినాడు పరిస్థితి ప్రాణాంతకమే. 2019లో రుక్సోలిటినిబ్ అనే మాత్రకు అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి లభించినా అది 12 ఏళ్లు నిండినవారికే. అంతకన్న చిన్నపిల్లలకు 2024 డిసెంబరు 18 వరకూ అనుమతి పొందిన మందంటూ లేదు. ఆనాడు ఆమోదం పొందినదే రయాన్సిల్: ఆరోగ్యవంతుల మూలుగనుంచి తీసి ప్రయోగశాలలో పెంచిన మెసెంకైమల్ మూలకణాలు. ఇవి దెబ్బతిన్న పేగుగా, చర్మంగా మారిపోవు. దాడిచేసే తెల్లకణాలను శాంతింపజేసే పదార్థాలను స్రవిస్తాయి. పోలిక చూడకుండానే ఎవరికైనా ఎక్కించవచ్చు. స్టాక్‌హోమ్ వైద్యులు తొమ్మిదేళ్ల బాలునికి తల్లి మూలుగలోని ఇటువంటి కణాలనే ఎక్కించి ఫలితం చూచినట్లు 2004లో ప్రకటించినప్పుడు ప్రపంచం ఆశ్చర్యపోయింది.

అయితే ఆశ ఒకటి, రుజువు ఒకటి. పెద్దలపై జరిగిన పరీక్షలు 2009లో ఆశించిన లక్ష్యాన్ని అందుకోలేదు. పిల్లల పరీక్షలో పాల్గొన్నది 54 మంది. 28వ రోజుకు దాదాపు 70 శాతం మందిలో గుణం కనిపించింది గాని, పోల్చిచూడటానికి మరో జట్టు లేదు. 2020లోనూ, 2023లోనూ ఎఫ్‌డీఏ దరఖాస్తును తిప్పి పంపిందంటే అందులో మొండితనం లేదని నా అభిప్రాయం. ధర చూస్తే గుండె గుభేలుమంటుంది: ఒక మోతాదుకు 1,94,000 డాలర్లని కంపెనీ ప్రకటించింది, నాలుగు వారాల్లో ఎనిమిది మోతాదులు ఇవ్వాలి. (మూలకణాల పేరు చెప్పి మోకాలినొప్పికీ, మధుమేహానికీ సూది వేస్తామనే దుకాణాలకూ దీనికీ ఏ సంబంధమూ లేదు.)

ఇల్లంటుకున్నాక మంటలార్పే విద్య గొప్పదే. అంటుకోకుండా చూచుకోవడం అంతకంటె ముఖ్యం. దాతకూ రోగికీ హెచ్‌ఎల్‌ఏ గుర్తులు ఎంత దగ్గరగా కలిస్తే ఈ వ్యాధి ముప్పు అంత తక్కువ. తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. ఒకరిద్దరు పిల్లలతో సరిపెట్టుకునే మన ఇళ్లలో అదీ దుర్లభం. ఇక దిక్కు దాతల పట్టిక. ఎన్‌ఎమ్‌డీపీ లెక్కప్రకారం పట్టికలో పూర్తిగా కలిసే దాత దొరికే అవకాశం తెల్లవారికి 79 శాతం, ఆసియా మూలాలవారికి 47 శాతం. పైగా శతాబ్దాలుగా మనం కులంలోనే, మేనరికంలోనే పిల్లనిచ్చి పుచ్చుకున్నాము. దక్షిణాసియా జనసమూహాల జన్యువులు ఇందుకే చిన్నచిన్న పాయలుగా చీలిపోయాయని హైదరాబాదు సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రజ్ఞులు కలిసి 2017లో ప్రకటించిన పరిశోధన చూపింది. కనుక డెట్రాయిట్‌లో ఉన్న తెలుగుబిడ్డకు సరిపడే మూలుగ మరో తెలుగింట దొరికే అవకాశమే ఎక్కువ.

సగం కలిసిన దాతతోనూ, మార్పిడి తరువాత సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చి, ఈ రోజుల్లో మంచి ఫలితాలే సాధిస్తున్నారు. నేను కాదనను. కానీ అన్ని తలుపులూ తెరిచి ఉండటం రోగికి మేలు కదా!

ఒక దాతల నమోదు శిబిరంలో బుగ్గలోపల దూదిపుల్ల రాయించుకోబోయిన కుర్రవాణ్ణి "ఎముకలోంచి తీస్తారట, వద్దు నాయనా" అని చేయిపట్టి లాక్కుపోయిన తల్లిని చూచాను. ఆమెది ప్రేమే. అయిదు రోజులు ఇంజక్షన్లు ఇచ్చి, చేతి నరంనుంచి రక్తం తీసి, మూలకణాలను వేరుచేసి మిగిలినది తిరిగి ఎక్కించడమే నేడు ఎక్కువగా జరిగే పద్ధతి అని ఆమెకు చెప్పినవారు లేరు. వైద్యులు ముందుగా కోరుకునేది 18 నుంచి 35 ఏళ్ల దాతలను. అంటే కళాశాలల్లో ఉన్న మన పిల్లలనే. కావున ఈ మాట శిబిరంలో కాదు, భోజనాల బల్ల దగ్గర ముందే జరగాలి. ఏళ్ల తరువాత ఒకనాడు ఫోను మోగి, "మీ కణాలు ఒక రోగికి సరిపోయాయి" అని చెబుతారు. అప్పటికి పిల్లవాడికి పరీక్షలుండవచ్చు, అమ్మకు భయం వేయవచ్చు. అవతల ఆసుపత్రిలో ఎవరికో తేదీ నిర్ణయమై ఉంటుంది.