తుపాకి హక్కు – గడప హక్కు

లైసెన్సు పొంది పిస్తోలు ధరించినవాడు పరుల యంగడిలో నడుగిడవలెనన్న, యజమానుని యనుజ్ఞను తానే ముందుగ వేడవలయునా? లేక యజమానుడే ముందుగ వలదని చాటవలయునా? అమెరికా సంయుక్త రాష్ట్రములను కలచిన వివాదమిది. ప్రశ్న చిన్నదిగ గన్పట్టును గాని, ఇల్లెవ్వరిదను ప్రశ్న దీనిలో నణగియున్నది.

టెక్సాసు రాష్ట్రపు శిక్షాస్మృతిని చూడుడు. ఊరక తిరుగువానిని తన భూమిలోనికి రానీయకుండుటకు యజమానునకు కంచె చాలును. చెట్టుబోదెలపై ఊదారంగు చారలు పూసినను చాలును. కాని లైసెన్సుదారుని పిస్తోలునకు ప్రవేశము లేదనదలచిన యజమానునకు ఇట్టి సులువు లేదు. తుపాకులు వలదని తన మాటలలో వ్రాసికొన్న చాలదు. 1997 లో చేర్చిన నిబంధన ననుసరించి, చట్టము చెప్పిన వాక్యములనే ఇంగ్లీషునను స్పానిషునను, అంగుళమునకు తక్కువకాని యక్షరములతో పలకపై వ్రాయించి నిలుపవలయును. డాలసు, హూస్టనులలో అంగళ్లు నడుపు మన తెలుగువారికిని ఇదియే గతి. నోటితో చెప్పిన చాలదా యందురేమో. చాలును. కాని దుస్తులలో దాగిన పిస్తోలును జూడని యజమానుడు ఎవ్వరికని చెప్పును? వచ్చిన ప్రతివాని నడుము తడవి చూడవలయునా?

శిక్షయందలి తారతమ్యము మరింత వింత. వలదన్నచోట చొచ్చిన నిరాయుధునకు సాధారణముగ 180 దినములవరకు చెర, 2000 డాలర్లవరకు జుల్మానా. పలకను లక్ష్యపెట్టక చొచ్చిన పిస్తోలుధారికి 200 డాలర్లకు మించని జుల్మానా మాత్రమే! ఎదుట నిలిచి పొమ్మన్నను కదలకున్నప్పుడే వానికి పెద్దశిక్ష.

హవాయి శాసనసభ 2023 లో ఈ క్రమమును తారుమారు చేసి, యజమానుడు మాటతో గాని పలకతో గాని సమ్మతింపనిదే పిస్తోలుతో లోనికి రారాదని శాసించినది. ఆయుధవాదులు న్యాయస్థానముల కెక్కిరి. అప్పీలు న్యాయస్థానము 2024 లో ఆ నియమమును నిలిపినది. 2025 లో అత్యున్నత న్యాయస్థానము విచారణకు గైకొన్నది. తీర్పులెట్లున్నను ధర్మమెటనున్నదో చెప్ప మేము సంకోచింపము. తెరచిన తలుపే యాహ్వానము కాదా, ప్రభుత్వము పరీక్షించిన పెద్దమనిషిని శంకింపనేల యని వారి వాదము. బేరమునకు పిలిచిన పిలుపు బేరమునకే. లైసెన్సు సర్కారిచ్చినది, గడప సర్కారుది కాదు.

మేము ఆయుధద్వేషులము కాము. 1878 నాటి ఆయుధముల చట్టము ఈ జాతిని నిరాయుధను గావించి తెల్లవారికి మినహాయింపు లొసగిన యవమానమును మరువలేదు. 1931 లో కరాచీ కాంగ్రెసు, నియమములకు లోబడిన ఆయుధధారణను ప్రాథమిక హక్కులలో చేర్చెను. అది ఏలికనుండి కోరిన హక్కు. పొరుగువాని వాకిటిపై కోరినది కాదు. 2022 లో న్యూయార్కు వ్యాజ్యమున అమెరికా అత్యున్నత న్యాయస్థానము ఇంటివెలుపల పిస్తోలు ధరించు హక్కును గుర్తించినదియు ప్రభుత్వమున కెదురుగనే.

పిస్తోలున్నదని యెరిగినవాడు దానిని ధరించినవాడొక్కడే. కావున అడుగవలసిన భారమును వానిదే. కాదన్నచో ఆయుధమును బండిలో నుంచి రావచ్చును. హవాయివరకు పోజాలకున్నను, టెక్సాసు శాసనసభ యజమానుడు తన మాటలలో వ్రాసికొన్న పలకకు విలువ నొసగి, సాయుధునకును నిరాయుధునకును శిక్షను సమము చేయవలయును.