గుండ్లకమ్మే మన యొర్దాను

మిరప పంట మీద అప్పు తెచ్చి యెరూషలేము యాత్ర చేసి వచ్చాను. యొర్దాను పెద్ద నది అనుకున్నాను. బాప్తిస్మపు రేవులో చూస్తే మన సాగర్ కాలువంత వెడల్పు కూడా లేదు. నీళ్ళలో దిగగానే గుండ్లకమ్మ గుర్తుకొచ్చింది.

1876–78 కరువులో ఒంగోలు మిషను క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో బీదలకు కూలి చూపించారు. కూటి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని, కరువు సాయం సాగినన్నాళ్ళూ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

నా అప్పు ఇంకా తీరలేదు. అప్పు చేసి యొర్దానుకు పోకండి. వెళ్ళలేకపోయామని బెంగపడే పెద్దవాళ్ళను ఒకసారి వెల్లంపల్లి తీసుకువెళ్ళండి. మన తాతముత్తాతలు మునిగిన ఏరు అది.