ఉందానగర్ స్టేషను

1910 నవంబరులో ఇల్లు విడిచి బయలుదేరిన ఎనుబదిరెండేండ్ల టాల్‌స్టాయి, దారిలో జ్వరపడి, అస్తాపవో అనే చిన్న రైలు స్టేషనులో దిగిపోవలసివచ్చినది. స్టేషను మాస్టరు ఓజోలిన్ తన ఇంటనే ఆయనకు పడక అమర్చినాడు. నవంబరు 20న ఆ మహారచయిత అక్కడే కన్నుమూసినాడు. నేడు ఆ ఊరి పేరే లెవ్ టాల్‌స్టాయి. ఆ ఇల్లు మ్యూజియమైనది. స్టేషను గడియారపు ముండ్లు ఆరు గంటల అయిదు నిమిషాలవద్దనే నిలిచియున్నవి.

మహాపురుషుడు మరణిస్తేనే గాని స్టేషనుకు చరిత్ర కలుగదా? శంషాబాదు పేరు చెప్పగానే ఎవరికైనను తోచేది 2008 మార్చిలో ప్రారంభమైన విమానాశ్రయము. ఆ ఊరికి దాపుననే రైలు స్టేషనొకటి ఉన్నదనీ, దాని పలకపై ఊరి పేరు గాక ఉందానగర్ అని ఉన్నదనీ ఎరిగిన విద్యార్థు లెందరు? 'విమాన ప్రయాణము' అని వ్యాసము వ్రాయించే మన ఉపాధ్యాయ లోకము (నేనును అందులోనివాడనే) 'మా ఊరి స్టేషను' అని ఒక్కసారియైన వ్రాయించినదా?

కాచిగూడ నుండి మహబూబునగరమువైపు సాగే ఈ దారి నిజాము కాలపుది. కాచిగూడ స్టేషను కట్టడము 1916 నాటిది. దాని గుమ్మటాలకు ఛాయాచిత్రకారులు కరవులేదు. చిన్న స్టేషనులకే ఆ యోగము లేదు. 1990వ దశకము దాకా ఇక్కడ నడచినవి మీటరు గేజి బండ్లే. పట్టాల నడుమ ఎడము సరిగా ఒక మీటరు. తరువాత అది 1,676 మిల్లీమీటర్లయినది. 2023 ఏప్రిలులో సికిందరాబాదు నుండి మహబూబునగరము వరకు 85 కిలోమీటర్ల రెండవ దారి జాతికి అంకితమైనది. ఇది మంచిదే, పాత ఇరుకుదారినే పట్టుకొని వేలాడుమని ఎవరనగలరు?

అయితే ఆ ఇరుకుదారిపై సమ్మెట చేతబట్టి మైళ్లకొలది నడచిన గ్యాంగుమనుషులు, గేటువద్ద రాత్రింబవళ్లు కాచినవారు, పాయింట్లు మార్చినవారు ముదుసలులైనారు. వారి నోట మిగిలినది ఏ దస్త్రములోను దొరకదు. ఉర్దూలో 'ఉమ్దా' అనగా మేలైనది. ఆ మాటకును స్టేషను పేరుకును సంబంధమేమో, మీటరు గేజి బండి ఏ వేళకు వచ్చేదో, దానికోసము ఏ పల్లెలనుండి జనము నడచివచ్చేవారో పిల్లలు అడుగవలసినది వీరినే. ఈ వేసవి సెలవులలో శంషాబాదు చుట్టుపట్ల బడిపిల్లలకు ఒక్కొక్క నోటుపుస్తకమిచ్చి ఆ పెద్దల ముంగిళ్లకు పంపే ఉపాధ్యాయులుంటే, వారు వ్రాసితెచ్చినది ఈ పుటలలోనే అచ్చువేయుటకు మాకు అభ్యంతరము లేదు.