నేల నివేదిక బయటపెట్టాకే టెండరు

2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. ప్రారంభమై అప్పటికి నాలుగేళ్లు దాటిందంతే. రాఫ్ట్ (పునాది కాంక్రీటు పలక) కింద ఇసుక కొట్టుకుపోవడం, ఆ ఇసుకకు బరువు మోసే శక్తి చాలకపోవడం కారణాలై ఉంటాయని జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ చెప్పింది. ప్లానింగ్, డిజైన్, నాణ్యత, నిర్వహణ అన్నిట్లోనూ లోపాలు చూపింది. గొడవ మాత్రం నాయకుల చుట్టూనే తిరిగింది. కింది ఇసుక గురించి అడిగినవారు తక్కువ. ఏ పెద్ద నిర్మాణానికైనా నేల పరీక్షల నివేదిక ప్రజల ముందు పెట్టనిదే టెండరు పిలవకూడదని మేం గట్టిగా కోరుతున్నాం.

కాంక్రీటు విషయంలో మనకు పట్టింపు ఉంది. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ వెలువరించే 318 కోడ్, అమెరికాలోని మన స్ట్రక్చరల్ ఇంజినీర్లకు నిత్యం చేతిలో ఉండే పుస్తకం. ఇక్కడ ఐఎస్ 456 ఉంది. క్యూబులు పోసి 28 రోజులకు నలగ్గొట్టి చూడాలని మేస్త్రీకి కూడా తెలుసు. నేల దగ్గరికి వచ్చేసరికి ఆ శ్రద్ధ కనిపించదు.

నేల పరీక్ష బ్రహ్మవిద్యేమీ కాదు. బోరులో గొట్టాన్ని నిలబెట్టి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి జారవిడుస్తారు. మొదటి 15 సెంటీమీటర్లు వదిలేసి, తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కేస్తారు. పది లోపే దిగిపోతే ఇసుక వదులుగా ఉన్నట్టు. ఆ లెక్క రాసే మనిషి మీద ఎవరి ఒత్తిడీ ఉండకూడదు. పరీక్ష చేసే సంస్థను కాంట్రాక్టరే కుదుర్చుకుని, కాంట్రాక్టరే డబ్బు చెల్లించే పద్ధతి పోవాలి.

నేల బలహీనమైతే జియోసింథటిక్స్ (నేలలో పరిచే కృత్రిమ వస్త్రాలు, జాలీలు) ఉన్నాయి కదా అంటారు. నల్లరేగడి మీద జియోటెక్స్‌టైల్ పరిస్తే కంకర బురదలో కలవదు, జియోగ్రిడ్ కంకరను పక్కకు జరగనివ్వదు. నిజమే. కానీ ఉప్పాడ తీరంలో ఇసుక నింపిన జియోట్యూబులతో కట్టిన గోడను తుపాను అలలు దెబ్బతీశాయి. కోత ఆగలేదు. ఆ చోటి ఇసుకకూ అలలకూ తగ్గట్టు లేకపోతే ఏ సరుకూ నిలవదు.

నేలకు తగ్గట్టు డిజైన్ చేసి చూపినవారు మన మధ్యే ఉన్నారు. ప్రకాశం జిల్లా ఏడుగుండ్లపాడులో పుట్టి, కాకినాడలో, వరంగల్‌లో చదివిన ప్రొఫెసర్ గాలి మాధవీలత మద్రాసు ఐఐటీలో జియోసెల్‌ల (మట్టి నింపే గళ్ల అరల) మీద నిలబెట్టే మట్టికట్టలపై పీహెచ్‌డీ చేశారు. నదికి 359 మీటర్ల ఎత్తున 2025 జూన్ 6న ప్రారంభమైన చీనాబ్ వంతెనకు 17 ఏళ్లపాటు సలహాదారుగా ఉన్నారు. అక్కడ తవ్వేకొద్దీ పగుళ్లిచ్చిన రాయి, ముందు కనిపించని బొరియలు బయటపడ్డాయి. కనిపించినదాన్ని బట్టి డిజైన్ మార్చుకుంటూ ముందుకెళ్లారు. ప్రతి కాంట్రాక్టులోనూ అలా మార్చడానికి వీలూ, పని ఆపమనే అధికారం నేల నిపుణులకూ ఉండాలి. ఆ రెండూ రాతపూర్వకంగా ఇవ్వాలి.

మేడిగడ్డ మరమ్మతు డిజైన్లతోనే ఈ పద్ధతి మొదలవ్వాలి. 2023 జూన్‌లో గైడ్‌బండ్ కుంగిన పోలవరంలోనూ అమలవ్వాలి. ప్రతి బోరు వివరమూ, ప్రతి పరీక్ష ఫలితమూ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు రెండూ వెబ్‌సైట్లలో పెట్టాలి. వరంగల్, కాకినాడ, హైదరాబాద్ ఆచార్యులు చదివి అభ్యంతరాలు చెప్పడానికి నెల గడువివ్వాలి. వాటికి జవాబు రాకుండా బిల్లు ఒక్కటీ చెల్లించకూడదు.