ఐటీ ఉద్యోగుల బర్నౌట్: గంటలేనా.. ఒక్కరికి మూడు ప్రాజెక్టులు కూడా కారణమా?

ఉదయం ఒక క్లయింట్‌తో స్టాండప్ మీటింగ్. మధ్యాహ్నం ఇంకో ప్రాజెక్టులో బగ్ ఫిక్స్. సాయంత్రం 6:30 దాటాక అమెరికా క్లయింట్ కాల్. న్యూయార్క్‌లో ఆఫీసు మొదలయ్యేది అప్పుడే మరి! హైటెక్ సిటీ, గచ్చిబౌలిలో చాలామంది డెవలపర్లకు ఇది మామూలు రోజే.

వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ సహ వ్యవస్థాపకుడు నారాయణమూర్తి అన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ 90 గంటల మాట ఎత్తారు. అప్పటి నుంచి చర్చంతా గంటల చుట్టూనే. ఆ గంటల్లో ఒక మనిషిని ఎన్ని పనులకు పంచుతున్నారన్నది మాత్రం పెద్దగా చర్చకు రావట్లేదు.

50 + 50 = 100 కాదు

ఒక డెవలపర్‌ని రెండు ప్రాజెక్టులకు 50 శాతం చొప్పున అలొకేట్ చేస్తారు. షీట్‌లో లెక్క సరిపోతుంది. కానీ ఒక కోడ్ వదిలి ఇంకో కోడ్‌లోకి వెళ్లాలంటే బుర్రకి టైమ్ కావాలి. సాఫ్ట్‌వేర్ నిపుణుడు జెరాల్డ్ వైన్‌బర్గ్ 1990ల మొదట్లోనే దీనికి ఒక అంచనా వేశారు. రెండు ప్రాజెక్టులైతే ఒక్కోదానికి దక్కేది 40 శాతమే, మిగతా 20 శాతం మారడంలోనే పోతుంది. మూడైతే పోయేది 40 శాతం.

ఆ లోటుని పూడ్చేది ఎవరు? ఉద్యోగే. రాత్రిళ్లు, శని ఆదివారాలు కూర్చుని! పైగా ఇద్దరు మేనేజర్లకీ ఎవరి పని వాళ్లకి అర్జెంటే. అదుపు చేయని పని ఒత్తిడి దీర్ఘకాలం సాగితే వచ్చేదే బర్నౌట్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

డెడికేటెడ్ టీమ్‌తో ఏం మారుతుంది?

ఒక ప్రాడక్ట్‌కి ఒకే టీమ్. డెవలపర్లు, టెస్టర్లు అందరూ అందులోనే. స్క్రమ్ గైడ్ ప్రకారం మామూలుగా 10 మంది లేదా అంతకంటే తక్కువ. కొత్త పని వస్తే నేరుగా మనిషి నెత్తిన పడదు, టీమ్ లిస్టులో చేరుతుంది. అది ముందుకొస్తే ఇంకోటి వెనక్కి జరగాల్సిందే. ఒకరు సెలవు పెట్టినా ఆ కోడ్ తెలిసినవాళ్లు పక్కనే ఉంటారు.

మరి కంపెనీలకు ఇబ్బందేంటి?

బిల్లింగ్. సర్వీసెస్ కంపెనీల్లో ఖాళీగా ఉన్న ప్రతి గంటా నష్టం కిందే లెక్క. డెడికేటెడ్ టీమ్‌కి కొన్ని రోజులు పని తక్కువ ఉండొచ్చు. ఆ ఖర్చు కంపెనీ భరించాలి. ఇప్పుడు దాన్ని ఉద్యోగి తన నిద్రతో కడుతున్నాడు.

అలాగని టీమ్ పేరు పెట్టగానే అన్నీ సర్దుకోవు. "చిన్న హెల్ప్ కావాలి" అంటూ బయటి ప్రాజెక్టులు లాగుతుంటే, కుదరని డెడ్‌లైన్లు పెడుతుంటే మళ్లీ కథ మొదటికే.

మీరు రెండు ప్రాజెక్టుల్లో ఉన్నారా? అయితే ఇద్దరు మేనేజర్లనీ ఒకే మెయిల్‌లో పెట్టి "ఏది ముందు చేయాలి?" అని అడగండి. జవాబు రాకముందే రాత్రంతా కూర్చుని రెండూ పూర్తి చేసేస్తే, వచ్చే నెల షీట్‌లో మూడోది చేరే ఛాన్సే ఎక్కువ.