తెర చాటు కబుర్లు: సీటు మీద తువ్వాలు

బొమ్మ చూసి బయటికొస్తూ "గ్రాఫిక్స్ అదిరింది గురూ!" అనడం మనందరికీ అలవాటే. ఆ గ్రాఫిక్స్ ఎలా తయారవుతుందయ్యా అని ఎవరైనా అడిగితే మాత్రం "కంప్యూటర్లో చేస్తారులే" అని తేల్చేస్తాం. మొన్న మే నెల దాకా నేనూ ఆ బాపతే.

కర్నూలు పాఠకులకి చెప్పక్కర్లేదు, 2013 జూలై 6న 'బాహుబలి' షూటింగు మొదలైంది మన ఓర్వకల్లు రాళ్ళ మధ్యే. ఓ స్నేహితుడి స్కూటరు వెనక కూచుని నేనూ వెళ్ళాను, దూరం నుంచి రాళ్ళు మాత్రం చూసి వచ్చాను! రెండేళ్ళ తర్వాత, 2015 జూలై 10న, బొమ్మ విడుదలైంది. అందులో జలపాతం గ్రాఫిక్స్ చేసింది హైదరాబాదులోని మకుట సంస్థ. అంతకుముందు 2012లో 'ఈగ'ని ఎగరేసిందీ వాళ్ళే. ఈ పేర్లన్నీ నాకు తెలుసు. పని మాత్రం తెలీదు. అది నేర్పింది కడపలో ఉన్న మా పిన్ని కొడుకు.

వాడు పెళ్ళి వీడియోలు కత్తిరించే కుర్రాడు. హైదరాబాదులో ఓ కంపెనీ వాడిని "ఒక్క నిమిషం యానిమేషన్ చేసి సోమవారం పొద్దున పది గంటల్లోగా పంపు, చూస్తాం" అంది. గండికోట దగ్గర పెన్నా లోయ మీద గద్ద ఎగురుతున్నట్టు చేశాడు. కొండలకి అక్కడి రాళ్ళ ఫోటోలే అతికించాడు. గద్ద కదలిక, కెమెరా తిరగడం అన్నీ సిద్ధం. మిగిలింది రెండరింగు. అంటే వెలుగు ఏ రాయి మీద ఎంత పడుతుంది, నీడ ఎటు పోతుంది అని లెక్కగట్టి కంప్యూటరే ఒక్కో ఫ్రేము గీయడం.

గురువారం మధ్యాహ్నం ఫోను. "అన్నా, నా కొంప మునిగింది!"

లెక్క మీరే చూడండి. సెకనుకి 24 ఫ్రేములు. నిమిషానికి 1440. ఒక్కోటి గీయడానికి వాడి కంప్యూటరుకి 20 నిమిషాలు. మొత్తం 480 గంటలు, అంటే ఇరవై రోజులు! చేతిలో ఉన్నది నాలుగు రోజులు కూడా కాదు.

పెద్దవాళ్ళకీ ఇదే తంటా. 1995లో వచ్చిన 'టాయ్ స్టోరీ'లో ఒక్కో ఫ్రేముకి 45 నిమిషాల నుంచి 30 గంటల దాకా పట్టేదట. అందుకని 117 కంప్యూటర్లని తీగలతో కలిపి రాత్రింబవళ్ళు తిప్పారు. ఇందులో కిటుకు ఒక్కటే. పదో ఫ్రేము గీయడానికి తొమ్మిదో ఫ్రేము పూర్తవాల్సిన పనిలేదు. ఎవరి ఫ్రేము వారిదే కాబట్టి ఎంతమందికైనా పంచొచ్చు.

మావాడికి 117 ఎక్కడివి? ఏడు రోడ్ల దగ్గర ఓ భాయ్ నడిపి మూసేసిన ఇంటర్నెట్ సెంటరు ఉంది. ఎనిమిది కంప్యూటర్లు గుడ్డలు కప్పుకుని ఉన్నాయి. "తిప్పుకో అబ్బీ, ఊరికే దుమ్ము తింటాండాయి" అన్నాడు భాయ్. ఎనిమిదైతే అరవై గంటలు. గురువారం రాత్రి తొమ్మిదికి మొదలుపెడితే ఆదివారం పొద్దుటికి అయిపోవాలి.

నేను నంద్యాల మీదుగా బస్సు పట్టుకుని అర్ధరాత్రికి చేరాను. ఎనిమిది తెరలూ వెలుగుతున్నాయి. "మరి ఏ ఫ్రేము ఎవరు గీయాలో ఎవరు చెబుతార్రా?" అన్నాను. పెద్ద స్టూడియోల్లో పని పంచడానికి ప్రత్యేకంగా ఒక ప్రోగ్రామే ఉంటుందట. మావాడు వాడేది పైసా ఖర్చులేని బ్లెండర్. అందులో చిన్న ఏర్పాటుంది. బొమ్మలన్నీ ఒకే ఫోల్డరులో పడతాయి. ఒక కంప్యూటరు ఏ ఫ్రేము మొదలెట్టినా ముందు ఆ నంబరుతో ఓ ఖాళీ ఫైలు పెట్టేస్తుంది. మిగతావి దాన్ని చూసి తర్వాతి నంబరుకి పోతాయి. మన ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తాం చూడండి, అదే!

శుక్రవారం రాత్రి ఒంటిగంటకి గాలీవాన. కరెంటు పోయింది. భాయ్ ఇన్వర్టరు ఫ్యానుకీ ట్యూబులైటుకీ తప్ప దేనికీ చాలదు. "అంతా పోయినాదా?" అంటే మావాడు నవ్వాడు. వీడియోగా కాక విడివిడి బొమ్మలుగా దాచాడు కాబట్టి గీసినవన్నీ భద్రం. అప్పుడు గీస్తున్న ఎనిమిదే పోయాయి. కానీ కరెంటొచ్చాక ఆ ఎనిమిదింటినీ ఎవరూ ముట్టుకోలేదు. మనిషి దిగిపోయినా తువ్వాలు సీటు మీదే ఉంది మరి! సైజు సున్నా ఉన్న ఫైళ్ళు వెతికి చెరిపితేగానీ మళ్ళీ గీయలేదు.

అసలు దెబ్బ శనివారం పొద్దున. అప్పటిదాకా అయినవి వరసగా తిప్పి చూస్తే, గద్ద హాయిగా ఎగురుతోంది గానీ కొండలు ఉండుండి ముదురు గులాబీ రంగులో తళుక్కుమంటున్నాయి, తిరణాల లైట్లలాగా! ఆరో కంప్యూటరులో రాళ్ళ ఫోటోలు ఎక్కించడం మరిచాడు. ఫోటో దొరక్కపోతే బ్లెండరు ఆ రంగు పూస్తుందట. తొంభైకి పైగా ఫ్రేములు వృథా. మావాడు గోడకి ఆనుకుని కూలబడిపోయాడు. ఏ కంప్యూటరు ఏ నంబరు గీసిందో రాసిపెట్టుకోలేదు కూడా. భాయ్, నేను, వాడు కూచుని గులాబీవి ఏరి చెరిపాం. మధ్యాహ్నం ఎండకి మూడో కంప్యూటరు వేడెక్కి ఆగిపోతే, భాయ్ మూత విప్పి టేబులు ఫ్యాను దాని పొట్టలోకి పెట్టాడు.

ఆదివారం రాత్రి పదకొండుకి 1440 పూర్తయ్యాయి. సోమవారం తొమ్మిదిన్నరకి పంపేశాడు.

పది రోజులకి జవాబొచ్చింది. బాగుంది, ఈసారి నీళ్ళు పారుతున్నట్టు అరనిమిషం చేసి పంపు అని. ఇక్కడే వచ్చింది చిక్కు. ఈ క్షణం నీళ్ళు ఎక్కడున్నాయో తెలియకపోతే మరుక్షణం ఎటు పారతాయో తేలదు. నీటి లెక్క ఒకే కంప్యూటరు మొదటి నుంచి చివరిదాకా వరసగా కట్టాలి, ఆ తర్వాతే గీయడం పంచుకోవచ్చు. బాహుబలి జలపాతానికి అంత చాకిరీ ఎందుకైందో నాకు అప్పుడు వెలిగింది.

ఇప్పుడు భాయ్ సెంటర్లో ఏడింటికి గుడ్డలు కప్పేశారు, ఒక్కటే నాలుగు రోజులుగా పెన్నా నీళ్ళు లెక్కగడుతోంది. మొన్నటి కరెంటు బిల్లు మావాడే కట్టాడు. "ఒక్కదాన్దయితే నేనే కడ్తాలే అబ్బీ" అన్నాడు భాయ్.