నునుపంటే శుభ్రమని ఎవరన్నారు?

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు బాత్రూం నేల దగ్గరికి వచ్చేసరికి దాదాపు అందరూ ఒకే మాట అంటున్నారు: పెద్ద టైలు కావాలి, నున్నగా ఉండాలి, అద్దంలా మెరవాలి. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవున్న పలకలైతే అతుకులు తగ్గుతాయనీ, అతుకులు తగ్గితే మురికి పట్టదనీ, గరుకు నేల పాతకాలపుదనీ వాదన. మేస్త్రీ, షాపువాడు, డిజైనరు ముగ్గురూ ఇదే చెబుతుంటే ఇంటివాళ్లు నమ్మక ఏం చేస్తారు? కానీ నునుపుగా ఉన్నదే శుభ్రంగా ఉంటుందనుకోవడంలోనే అసలు పొరపాటుంది. హాల్లో ఆ పొరపాటుతో పెద్ద నష్టం లేదు. బాత్రూంలో మాత్రం పెద్దవాళ్ల తుంటి విరుగుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు. ప్రమాద మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. అరవై దాటినవాళ్లకే ముప్పు ఎక్కువ. వీళ్లందరూ బాత్రూంలో పడ్డవాళ్లు కారు, నిజమే. అయినా తడి, సబ్బు, వట్టి కాళ్లు, అర్ధరాత్రి నిద్రమత్తు అన్నీ ఒక్కచోట కలిసే గది ఇంట్లో ఇదొక్కటే. పైగా మనది బకెట్టు, మగ్గు స్నానం. గది మొత్తం తడుస్తుంది. పండగపూట తలంటు పోసుకుంటే నువ్వులనూనె, నలుగుపిండి, కుంకుడు రసం అన్నీ నేల మీదికే చేరతాయి. నున్నటి టైలు మీద ఆ జిడ్డునీరు పాదం కింద పలచటి పొరగా నిలిచిపోతుంది, పాదానికి టైలు అందదు. గరుకు నేల మీద ఆ నీరు సన్నటి గుంటల్లోకి దిగిపోతుంది, మిట్టలు అరికాలికి తగిలి పట్టునిస్తాయి.

‘మాదీ యాంటీ స్కిడ్డే, ఆర్10’ అని షాపువాళ్లు భరోసా ఇస్తారు. ఆ అంకె ఎక్కడిదో తెలుసుకోవాలి. డిన్ 51130 అనే జర్మన్ ప్రమాణంలో, నూనె పోసిన వాలుబల్ల మీద బూట్లు వేసుకున్న మనిషిని నడిపించి, ఎంత వాలు దగ్గర జారాడో చూసి ఆ గుర్తు ఇస్తారు. అది ఫ్యాక్టరీలకీ వంటశాలలకీ సరిపోయే కొలత. వట్టి కాళ్లకి డిన్ 51097 అని వేరే పరీక్ష ఉంది. అందులో సబ్బునీటి మీద చెప్పుల్లేకుండా నడిపిస్తారు. 12 డిగ్రీల వాలు తట్టుకుంటే ఎ, 18 అయితే బి, 24 అయితే సి. ఎ అనేది బట్టలు మార్చుకునే గదుల్లాంటి, చాలావరకు పొడిగా ఉండే చోట్లకి. స్నానం చేసే చోటికి బి కావాలి. అందుకని బాత్రూం టైలు కొనేటప్పుడు ఆర్ పక్కన ఏ అంకె ఉందని కాదు, బి ఉందా అని అడగాలి.

అతుకులు తగ్గితే మురికి పట్టదు, నీరూ దిగదు అనే వాదన కూడా నిలవదు. కింది స్లాబుకి నీరు దిగకుండా ఆపాల్సింది టైలు కింద వేసే వాటర్‌ప్రూఫింగ్. అది సరిగా లేకపోతే ఎంత పెద్ద పలక వేసినా అంచుల వెంట నీరు దిగుతుంది. ఇక వాటం సంగతి చూడండి. నీళ్లు జాలీలోకి పోవాలంటే నేల నాలుగు వైపుల నుంచీ దాని వైపు వాలాలి. అడుగు పలకలైతే వాటాన్ని అనుసరించి కూర్చుంటాయి. నాలుగడుగుల పలక వంగదు. దాన్ని జాలీ చుట్టూ ఏటవాలుగా కోస్తే, తగ్గించామనుకున్న అతుకులు మళ్లీ వచ్చిపడతాయి. కోయకపోతే వాటం చెడి మూలల్లో నీళ్లు నిలుస్తాయి. ఆ నిలిచిన నీళ్లలోనే పాచి పడుతుంది.

గరుకు నేలకి మురికి పడుతుందనేది ఉన్నవాటిలో బలమైన అభ్యంతరం. అందులో నిజముంది, బ్రష్షుతో రుద్దక తప్పదు. అయితే బోరునీళ్లలోని సున్నం సబ్బుతో కలిసి కట్టే తెల్లటి తెట్టు నున్నటి టైలునీ వదలదు. అక్కడ కంటికి సరిగా ఆనక మరింత జారుడవుతుంది. నేలని రెండు రోజులు రుద్దకపోతే మరక కనిపించడం లోపం కాదు, హెచ్చరిక. తాండూరు, బేతంచర్ల నాపరాయిని పొరలుగా చీల్చి, పాలిష్ పట్టకుండా పరిస్తే దానికి సహజమైన పట్టు ఉంటుంది. నాపరాయి సున్నపురాయే, ఆమ్లం పడితే దాన్ని తినేస్తుందన్నది వాస్తవమే కాబట్టి సబ్బుపొడితోనే కడగాలి. ఆ మాటకొస్తే బాత్రూం యాసిడ్ టైళ్ల మధ్య సిమెంటునీ కొరికేస్తుంది. రాయి వద్దనుకునేవాళ్లకి గరుకు టైళ్లున్నాయి, మోర్బీ ఫ్యాక్టరీలు మెరిసేవాటితో పాటు అవీ చేస్తున్నాయి.

‘జాగ్రత్తగా నడిస్తే పోయె’ అనేది చివరి మాట. డెబ్బై ఏళ్ల మనిషి అర్ధరాత్రి లేచి లైటు స్విచ్చి తడుముకుంటూ వెళ్తుంటే, జాగ్రత్త బాధ్యత ఆ మనిషి మీద పెట్టడం అన్యాయం. ఆ జాగ్రత్త ఇల్లు కట్టేటప్పుడు మనం పడాల్సింది. షాపులో టైలుని నిలబెట్టి, లైట్ల కింద, పొడిగా చూపిస్తారు. దాన్ని కింద పెట్టించండి. మగ్గుడు సబ్బునీళ్లు పోయించండి. చెప్పులు విడిచి, పక్కన పట్టుకోవడానికి ఒకరిని ఉంచుకుని, కాలు పెట్టి చూడండి. పాదం కదిలితే ఆ టైలు ఎంత అందంగా ఉన్నా గోడకి వేసుకోండి.